ఆకు రాల్చిన అడవి

స్టేషన్‌లో ఉన్న ఒకే ఒక్క కూలర్‌ని ఎవరో స్వరూప కూర్చున్న బల్ల వైపు తిప్పి పెట్టారు. లోపలికి అడుగుపెట్టగానే అరుంధతి ముందు గమనించింది అదే. అనుమానితురాలి నుదుటి మీద జుట్టు గాలికి కదులుతోంది. ఎదుటి టేబుల్ దగ్గర హెడ్ కానిస్టేబుల్ మెడ తుడుచుకుంటున్నాడు.

అరుంధతి ఫోరెన్సిక్ ల్యాబులో పదేళ్లు పనిచేసి, ఉద్యోగం మానేసి, తార్నాకలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. ఈ కేసు ఆమెకి అప్పగించింది చనిపోయిన ప్రొఫెసర్ శశిభూషణ్ భార్య కౌముది. అప్పగిస్తూ ఆవిడ చెప్పింది ఒక్క మాటే. "ఆ పిల్ల చెయ్యదమ్మా."

పోలీసుల దగ్గరున్నవి అంతకంటే గట్టి మాటలు. మూడు రోజుల క్రితం, మే తొమ్మిదో తేదీ మధ్యాహ్నం, యూనివర్సిటీ భూగోళ శాఖలో తన ల్యాబులోనే శశిభూషణ్ నేల మీద పడి ఉన్నాడు. తల వెనక బలమైన దెబ్బ. పన్నెండింటికి భార్యతో ఫోన్‌లో మాట్లాడాడు. పన్నెండూ నలభైకి విద్యార్థులు చూసేసరికి ప్రాణం లేదు. టేబుల్ మీద ఎప్పుడూ ఉండే హార్డ్ డిస్క్ కనబడలేదు. ల్యాబు తలుపు వేలిముద్ర వేస్తేనే తెరుచుకుంటుంది. ఆ రోజు ఆయన తరవాత అక్కడ పడ్డ వేలిముద్ర ఒక్కటే. ఆయన దగ్గర పిహెచ్‌డి చేస్తున్న స్వరూపది.

రేపు పొద్దున్న ఆమెని అరెస్టు చేసి కోర్టులో పెట్టడానికి కాగితాలు సిద్ధమవుతున్నాయి.

"అన్నం తిన్నావా అమ్మా?" అంది అరుంధతి బల్ల మీద పక్కనే కూర్చుంటూ.

"తిన్న మేడం. హెడ్డు సార్ ఆయన డబ్బా నాకే ఇచ్చిండు. బెండకాయ కూర."

"డిస్క్ నువ్వు తీసుకెళ్లావా?"

"సారే ఇచ్చిండు. పదకొండున్నరకు ఫోన్ చేసి రమ్మంటె పోయిన. చేతుల పెట్టి, కమిటీ ముంగట కూసునేదాక ఎవ్వరికి ఇయ్యకు, యాడున్నదో చెప్పకు అన్నడు. సంచిల ఏస్కొని ఎల్లిపోయిన. అయిదు నిమిషాలు గూడ లేను."

"నువ్వు బయటికొస్తుంటే చూసినవాళ్లు?"

స్వరూప తల అడ్డంగా ఊపింది. "అందరు ముంగట కర్ర కాడ ఉన్నరు మేడం. నేను ఎనక గేటుకెల్లి ఎల్లిన. ఆ దినం నీడ మాయమైతది కద. బడి పిల్లలు గూడ వచ్చిన్రు."

ఏటా ఆ తేదీన హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్ర నీడ కర్ర కిందకే చేరిపోతుంది. చుట్టుపక్కల బడుల పిల్లల్ని పిలిచి ఆ వింత చూపించడం శశిభూషణ్ పెట్టిన ఆనవాయితీ. ఈసారి ఆయన కిందికి దిగలేదు. మేడ మొత్తం ఖాళీగా ఉన్న అరగంటలో ఆయన దగ్గరికి ఎవరో వచ్చారు.

"ఆ డిస్క్‌లో ఏముంది?"

"కొంగలగుట్ట బొమ్మలు. ఇరవై ఏండ్ల సంది శాటిలైట్ తీసినయి."

కొంగలగుట్ట అభయారణ్యం గురించి అరుంధతి నిన్ననే తెలుసుకుంది. అడవి మధ్యలో ఒక జలాశయం ఉంది. దాని నుంచి పైపులైను వేసి నీళ్లు తోడుకోవాలని ఒక కంపెనీ చూస్తోంది. రక్షిత హద్దు లోపల ఉన్నంతకాలం అది కుదరదు. దక్షిణ భాగంలో అడవి ఎలాగూ పోయింది కాబట్టి హద్దు కుదించవచ్చని యూనివర్సిటీ నుంచి ఒక నివేదిక వెళ్లింది. రేపు పదకొండింటికి అటవీ శాఖ వేసిన కమిటీ కూర్చుని దాని మీద నిర్ణయం చేస్తుంది.

"ఎక్కడ దాచావో నాతోనైనా చెప్పు."

స్వరూప చున్నీ కొస వేలికి చుట్టుకుంది.

"చెప్పకపోతే రేపు జైలుకి పంపుతారు. తెలుసు కదా?"

"తెలుసు మేడం. సార్ నాకు ఆఖరిసారి చెప్పిన మాట అది. ఎట్ల తప్పాలె?" మళ్లీ తనే అంది. "ఆ దినం రాజన్న సారన్న ఉంటె ఇట్ల కాకపోవు. ఆయన గూడ కొంగలగుట్టకు పోయె."

రాజన్న అదే శాఖలో అసోసియేట్ ప్రొఫెసర్. కొంగలగుట్ట ప్రాజెక్టులో శశిభూషణ్ తరవాతి మనిషి. నివేదిక తయారుచేసింది ఆయనే.

వెనక నుంచి బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది.

"డిటెక్టివ్ మేడం వచ్చిన్రంటే మా స్టేషన్‌కు కళ వచ్చింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ రఘువీర్.

"స్టేషన్‌కి వచ్చింది. కేసుకి ఇంకా రాలేదు."

"కేసుకేమైంది? తలుపు మీద వేలిముద్ర ఉన్నది. డిస్క్ నేనే తీస్కపోయిన అని ఆ అమ్మాయే అంటున్నది. యాడున్నదో చెప్పుమంటే నోరు ఇప్పది. ఇంకేం కావాలె మీకు?"

"ఆ యంత్రం లోపలికి వెళ్లినవాళ్లనే రాస్తుంది. బయటికి రావాలంటే బటన్ నొక్కితే చాలు. ఈమె ఎప్పుడు వెళ్లిపోయిందో అది చెప్పలేదు. లోపలున్న ప్రొఫెసర్ స్వయంగా తలుపు తీస్తే, వచ్చినవాడి వేలు దానికి తగలనే తగలదు."

"సరే. వచ్చినోడు ఎవరో పేరు చెప్పున్రి. గాలిల కేసు నడవది మేడం."

"నివేదిక రాసినాయన ఆ మధ్యాహ్నం ఎక్కడున్నాడు?"

"నేనెందుకు ఇడ్సిపెడ్త? మొదలు అడిగింది ఆయన్నే." రఘువీర్ ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు. "కొంగలగుట్టల, జలాశయం కట్ట దాపున. నాలుగు ఫోటోలు. మీదనే తేదీ, టైము, అక్షాంశం, రేఖాంశం అన్ని అచ్చయినయ్. మే తొమ్మిది, మధ్యాహ్నం పన్నెండు గంటల ఇరవై. అడవిల సిగ్నల్ లేదు, నాలుగింటికి రోడ్డెక్కినంక గ్రూపుల పెట్టిండు. గీడికెల్లి నూటపాతిక కిలోమీటర్లు. ఆయనకేమన్న రెక్కలున్నయా?"

అరుంధతి ఫోటోల వంక చూసింది. మోడుగా నిలిచిన టేకు చెట్లు, ఎండుటాకులు, మధ్యలో పాతిన ఎరుపు తెలుపు పట్టీల కర్ర. ఫోన్ తిరిగిచ్చేసింది.

"పొద్దు గూకిన తరవాత ఆడపిల్లని స్టేషన్‌లో ఉంచకూడదు. అదైనా గుర్తుందా?"

"బాధ్యతగల్ల మనిషి ఎవరన్న వచ్చి సంతకం పెట్టమనున్రి, పంపిస్త. పొద్దుగాల మల్ల తీస్కరావాలె."

"మీ మంచితనం."

"మంచితనం కాదు మేడం. రూలు."

అరుంధతి లేస్తూ తన ఫోన్ నంబరు చీటీ మీద రాసి స్వరూప చేతిలో పెట్టింది. హెడ్ కానిస్టేబుల్ కూలర్‌లో చెంబుతో నీళ్లు పోస్తున్నాడు.

*

భూగోళ శాఖ ముందు ఆవరణలో ఆ రోజు పాతిన కర్ర ఇంకా సిమెంటు దిమ్మలో నిలబడే ఉంది. దాని చుట్టూ సుద్దముక్కలతో గీసిన గీతలు కొంచెం మాసిపోయాయి. నాలుగు దాటింది. కర్ర నీడ తూర్పుగా, మెట్ల దాకా సాగి ఉంది.

రాజన్న మేడ మీద ల్యాబు బయటే ఎదురుచూస్తున్నాడు. నలభై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. వేలు ఆనించి తలుపు తీసి, ఆమెని ముందు వెళ్లమని పక్కకి తప్పుకున్నాడు.

గది ఇరుకు. రెండు కంప్యూటర్లు, గోడ నిండా పటాలు. కిటికీ గూట్లో మట్టి మూకుడు, అందులో నిండా నీళ్లు. ఒక పిచ్చుక అంచు మీద వాలి, మనుషుల్ని చూసి ఎగిరిపోయింది.

"ఈ నీళ్లు ఎవరు పోస్తున్నారు?"

"నేనే మేడం. సార్ రోజు పోస్తుండె. ఎండలు చూస్తున్నరు కద."

ఆ జవాబు అబద్ధంలా వినిపించలేదు. దాన్ని ఏ వైపు వేసుకోవాలో అరుంధతికి తెలియలేదు.

ప్రొఫెసర్ పడి ఉన్న చోటు తలుపుకి మూడడుగుల దూరం. తల కిటికీ వైపు, కాళ్లు తలుపు వైపు. వచ్చినవాడికి తలుపు తీసి, వెనక్కి తిరిగి లోపలికి నడుస్తున్న మనిషి పడిన తీరు అది. దొంగతనానికి వచ్చినవాడికి ఎవరూ వీపు చూపించి నడవరు. తెలిసినవాడే. కానీ స్వరూప కూడా ఆయనకి తెలిసిన పిల్లే. ఈ ముక్క రఘువీర్ ముందు పెడితే నవ్వుతాడు.

"మీ నివేదిక ఒకసారి చూపిస్తారా? నాకు అర్థమయ్యేలా."

"ష్యూర్." రాజన్న తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాడు. ఎడమవైపుది ఇరవై ఏళ్ల నాటిది. చిక్కటి ఆకుపచ్చ. కుడివైపుది కిందటేడు తీసింది. దక్షిణాన సగం మేర గోధుమరంగు. "చూడున్రి. ఫారెస్ట్ కవర్ ఎంత పోయిందో. చెట్టే లేనప్పుడు హద్దు ఎందుకు? ఆ నీళ్లు పది ఊర్లకు పనికొస్తయ్."

"కంపెనీకి కూడా."

"కంపెనీలు గూడ నీళ్లు తాగుతయ్ మేడం," అని నవ్వాడు.

"ఈ రెండూ ఏ నెలల్లో తీసినవి?"

నవ్వు ఒక్క క్షణం ఆలస్యంగా ఆగింది. "పాతది అక్టోబర్. కొత్తది... ఏప్రిల్."

"వానలు వెలిసాక ఒకటి, నడి వేసవిలో ఒకటి."

"మబ్బు లేని ఇమేజ్ దొరకాలె కద."

అరుంధతి కిటికీలోంచి బయటికి చూపించింది. ప్రహరీ పక్కన ఒక టేకు చెట్టు, ఒంటి మీద ఒక్క ఆకు లేకుండా. "దాన్ని ఇవాళ ఫోటో తీసి, కార్తీకంలో తీసిన ఫోటో పక్కన పెడితే, అక్కడ చెట్టే లేదని రుజువు చెయ్యొచ్చన్నమాట."

"శాటిలైట్‌కు ఆకే కనబడ్తది మేడం, కొమ్మ కనబడదు. అదొక లిమిటేషన్. సైన్స్‌ల ఇసువంటియి ఉంటయ్."

"శశిభూషణ్ గారు ఒప్పుకున్నారా ఈ లిమిటేషన్‌కి?"

"సార్‌కు కొన్ని డౌట్లుండె. మాట్లాడుకుంటున్నం."

ఆ మాటతో డిస్క్ సంగతి అరుంధతికి తేలిపోయింది. ఏటా ఒకే నెలలో తీసిన ఇరవై ఏళ్ల బొమ్మలూ అందులో ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెడితే అడవి ఎక్కడికీ పోలేదని పసిపిల్లాడికైనా తెలుస్తుంది. రేపు వాటిని కమిటీ ముందు పెట్టాలనుకున్న మనిషి ఈ గచ్చు మీద ప్రాణం వదిలాడు. ఆయన బదులు పెట్టవలసిన పిల్ల రేపు కోర్టులో ఉంటుంది.

"మీ అడవి ఫోటోలు నాకూ పంపిస్తారా?"

"అరె, తీస్కోన్రి." అడిగినంత సేపు పట్టలేదు. నాలుగు ఫోటోలూ ఆమె ఫోన్‌లో పడ్డాయి. "మాది ఒక పద్ధతి మేడం. ఎన్నుకున్న చోట రెండు మీటర్ల కర్ర పాతి, నాలుగు దిక్కులకు నాలుగు ఫోటోలు తీస్తం. పైనుంచి శాటిలైట్ చూసింది, కింద మనం చూసింది ఒకటేనా అని. మార్చిల స్వరూప, నేను కలిసి పోయినం. మొన్న మల్ల ఒక్కణ్నే పోయిన, కమిటీకి తాజాగ చూపిద్దామని."

"మార్చికీ ఇప్పటికీ తేడా ఏమైనా ఉందా అక్కడ?"

"ఏం తేడా? మోడు మోడే." చేతులు తుడుచుకుంటూ, మామూలుగా అడిగాడు. "స్వరూప ఎట్లున్నది?"

"తిండి తిన్నది. ధైర్యంగానే ఉంది. బాధ్యత తీసుకునేవాళ్లు వచ్చి సంతకం పెడితే సాయంత్రం పంపిస్తానన్నాడు ఇన్‌స్పెక్టర్. వాళ్లమ్మ ఊరి నుంచి ఎప్పటికి చేరుతుందో."

"పాపం. దానికి ఈడ ఎవరున్నరు?" గడియారం చూసుకున్నాడు. "నాకు తార్నాకల చిన్న పని ఉన్నది మేడం. మీరు నిదానంగ చూసుకోన్రి. పోయేటప్పుడు తలుపు దగ్గరికి వేస్తె చాలు, అదే లాకైతది."

ఆయన అడుగుల చప్పుడు మెట్ల మీద తొందర లేకుండా దిగిపోయింది.

*

అరుంధతి ఒక్కతీ కూర్చుని ఆ నాలుగు ఫోటోలనూ ఒకటి తరవాత ఒకటి పెద్దవి చేసి చూసింది. తూర్పు. దక్షిణం. పడమర. తేదీ, టైము ఎవరైనా వేసుకోవచ్చు. పాత ఫోటో మీద కొత్త తేదీ ముద్రించే యాప్‌లు బోలెడున్నాయి. కానీ వేశాడని చూపించడం ఎలా? ఆకులు సాక్ష్యం చెప్పవు. మార్చిలోనూ మోడే, మేలోనూ మోడే. అడవిని మాయం చేసిన మనిషికి ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు.

నాలుగోది ఉత్తరం వైపు తీసిన ఫోటో. ఎరుపు తెలుపు కర్ర, దాని మొదట్లో ఎండుటాకులు. ఆ ఆకుల మీద, తిన్నగా, ఫోటో తీసినవాడికి ఎదురుగా దూరంగా వెళ్తూ ఒక నల్లటి గీత.

ఆమె ఆ గీత పొడవుని కర్ర పొడవుతో పోల్చి చూసుకుంది. తరవాత తలుపు దగ్గరికి వేసి, కిందికి దిగి, ఆవరణలో కర్ర పక్కన నిలబడి రఘువీర్‌కి ఫోన్ చేసింది.

"నేను గీడనే ఉన్న మేడం, గేటు కాడ," అన్నాడు. నిజంగానే రెండు నిమిషాల్లో జీపు వచ్చి ఆగింది. "ల్యాబుల ఏం దొరికింది? పిచ్చుక ఈకలా?"

"ఇక్కడ నిలబడండి. ఈ సుద్ద గీతలు చూశారా? ఆ రోజు పిల్లలు కర్ర నీడ కొస దగ్గర గుర్తు పెడుతూ పోయారు. ఒక్కొక్క గీతా లోపలికి జరిగింది. ఆఖరికి ఇక్కడ, కర్ర మొదట్లో సున్నా చుట్టారు. పన్నెండుంబావుకి నీడ లేదు."

"నాకు తెలుసు. మా బిడ్డ గూడ వచ్చింది."

"ఇప్పుడు ఇది చూడండి." ఫోన్ ఆయన చేతికిచ్చింది. "అదే రోజు. పన్నెండు ఇరవై. కర్ర నీడ ఎంతుంది?"

రఘువీర్ ఎండకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "కర్రల సగం ఉన్నది."

"అవును."

"అయితే? ఆ అడవి గీడ లేదు కద. నూటపాతిక కిలోమీటర్ల అవతల ఉన్నది. ఆడ సూర్యుడు యాడుంటడో మీకేం తెలుసు?"

"నాకూ అదే అనుమానం వచ్చింది. ప్రొఫెసర్ గారు అంటించిన పోస్టరు ఆ నోటీసు బోర్డు మీద ఉంది, ఏ జిల్లాలో ఏ రోజు నీడ మాయమవుతుందో వేశారు. కొంగలగుట్టకి రేపు. మే పదమూడు. నాలుగు రోజుల ముందు రెండు మీటర్ల కర్రకి నీడ జానెడు కూడా ఉండదు. ఇది మీటరుంది."

"టైము తప్పు పడి ఉంటది. పొద్దుగాల తీసిండేమో."

"పొద్దున్న తీస్తే నీడ పడమటికి పడాలి. ఇది తిన్నగా ఉత్తరానికి పోతోంది. అంటే మధ్యాహ్నమే. సూర్యుడు బాగా దక్షిణాన ఉన్న మధ్యాహ్నం. మార్చి మొదట్లోది. ఆ నెలలో స్వరూపతో కలిసి వెళ్లానని ఇందాక ఆయనే చెప్పాడు."

రఘువీర్ ఫోన్ తెర మీది నీడని వేలితో కొలుస్తున్నట్టు రెండుసార్లు తడిమాడు. కాలి దగ్గర సుద్దసున్నా వంక చూశాడు. ఆయన మొహంలో వెటకారం పోయి పోలీసు ఒక్కడే మిగిలాడు.

"జాగ్రఫీ ప్రొఫెసర్ ఇంత చిన్న సంగతి మర్చిపోతడా?"

"ఆయన చూపంతా ఆకుల మీద ఉంది. ఆకు కలిసింది కాబట్టి అంతా కలిసిందనుకున్నాడు. అడవిని మాయం చేసింది తేదీ మార్చే. తనని తాను ఇక్కడ్నుంచి మాయం చేసుకున్నదీ తేదీ మార్చే. ఒకసారి పనిచేసింది కదా అని రెండోసారి వాడాడు."

"ఆ దినం ఫోన్ బందుండె ఆయనది. సిగ్నల్ లేదంటే నమ్మిన." రఘువీర్ టోపీ తీసి పెట్టుకున్నాడు. "ఆయన్ని ఇప్పుడే పట్టుకొస్త. యాడున్నడు?"

"తార్నాకలో పనుందని ఇప్పుడే..."

అరుంధతి మాట మధ్యలో ఆగిపోయింది. స్వరూప ఉన్న స్టేషన్ తార్నాకలోనే. సంతకం పెడితే పంపిస్తారని రాజన్నకి చెప్పింది తనే.

రఘువీర్ అప్పటికే స్టేషన్‌కి ఫోన్ కలిపాడు. స్పీకర్‌లో హెడ్ కానిస్టేబుల్ గొంతు నిమ్మళంగా వినిపించింది.

"స్వరూప లేదు సార్. రాజన్న సారొచ్చి సంతకం పెట్టి తీస్కపోయిండు. మీరే చెప్తిరి కద, బాధ్యతగల్ల మనిషొస్తె పంపమని. పొద్దటి సంది కూసున్నది పాపం అని నేను గూడ లేట్ చెయ్యలే. పావుగంటయితది సార్."

రఘువీర్ జీపు వైపు పరిగెత్తాడు. అరుంధతి ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"మేడం, నేను స్వరూపను. రాజన్న సార్ ఫోన్‌కెల్లి చేస్తున్న. సార్ పెట్రోలు కొట్టిస్తున్నడు, ఫోన్ కార్లనే ఉంటె తీసిన." ఎంతో కాలానికి ఊపిరి పీల్చుకున్న గొంతు అది. "నన్ను బయటికి తెచ్చిండు మేడం. మీరు పరేషాన్ గాకున్రి."

"స్వరూపా, నెమ్మదిగా విను. కారు దిగు. ఆ బంకులో మనుషులున్న చోటికి వెళ్లి నిలబడు. ఆయనకి డిస్క్ సంగతి చెప్పకు."



"చెప్పిన మేడం. నా నివేదిక తప్పే, రేపు కమిటీల ఆ బొమ్మలు నేనే పెడ్త, నువ్వు రాలేవు కద అన్నడు. నిజమే కద అని చెప్పిన. గాడికే పోతున్నం." కారు తలుపు తెరుచుకున్న చప్పుడు. ఆమె గొంతు కొంచెం దూరమైంది. "అరుంధతి మేడం, సార్. మీతోటి మాట్లాడుతరా అని అడుగుతున్న."

"ఇటియ్యి బిడ్డా," అన్నాడు రాజన్న, అదే మెత్తటి గొంతుతో. ఫోన్ ఆగిపోయింది.